బంతిని ఆపే ప్యాడ్ బుల్లెట్‌ను ఎందుకు ఆపదు?

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే క్రికెట్ బంతిని కాళ్ల ప్యాడ్ ఆపేస్తుంది. బంతి 160 గ్రాములు, 9 ఎం.ఎం. పిస్టల్ బుల్లెట్ సుమారు 8 గ్రాములే. ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించి లెక్కగట్టినా బంతిదే రెండింతలు పైచేయి. అలాంటప్పుడు బుల్లెట్ ఏపాటిది అనిపిస్తుంది. చిక్కంతా అది తగిలే చోటులో ఉంది. సెకనుకు 360 మీటర్ల వేగంతో వచ్చే బుల్లెట్ శక్తి దాదాపు 520 జౌళ్లు, బంతిది 120. ఆ 520 జౌళ్లూ చిటికెన వేలి గోరంత మేరలో దిగుతాయి. బంతి దెబ్బ అంతకు ఎన్నో రెట్ల మేర పరుచుకుంటుంది.

ప్యాడ్‌లోని ఫోమ్ నలుగుతూ దెబ్బను కాస్త సాగదీస్తుంది. అదే దాని పని. 3 సెంటీమీటర్ల ఫోమ్‌ను దాటడానికి బుల్లెట్‌కు మిల్లీసెకనులో పదోవంతు కూడా పట్టదు. హెల్మెట్ డిప్పదీ ఇదే కథ.

చాలామందికి బ్యాట్ మీద నమ్మకం. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికిలాగే బ్యాట్ చేసే విల్లో కూడా తేలిక కర్రే. నిబంధనల ప్రకారం బ్యాట్ మందం 67 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ మందం చాలదు. ముందువైపు వేలు దూరనంత రంధ్రమే కనిపిస్తుంది. వెనకవైపు మాత్రం కర్ర నార వెంబడి చీలి పేళ్లు లేస్తాయి. ఎవరైనా దాన్ని అడ్డం పెట్టుకుంటే, బుల్లెట్‌తోపాటు అవీ గుచ్చుకుంటాయి.

బుల్లెట్‌ప్రూఫ్ కెవ్లార్ జాకెట్ దారి వేరు. అది వలలాంటిది. పొరలు పొరలుగా ఉన్న గట్టి పోగులు బుల్లెట్‌ను పట్టి, దాని మొనను అణగ్గొట్టి, బలాన్ని చుట్టూ పంచేస్తాయి. అయినా రైఫిల్ ముందు ఆ వల నిలవదు. ఏకే-47 బుల్లెట్ బరువు కూడా 8 గ్రాములే, వేగం రెండింతలు, కాబట్టి శక్తి నాలుగింతలు.

ఏ వస్తువు బుల్లెట్‌ను ఆపుతుందో కాల్చి చూడటం పెరట్లో చేసే పరీక్ష కాదు. ఆయుధాల చట్టం సంగతి అలా ఉంచినా, వెనక మందపాటి ఇసుక కట్ట ఉన్న అధీకృత ఫైరింగ్ రేంజ్ కావాలి. వస్తువును దండెం మీద చొక్కాలా వేలాడదీసి కాలిస్తే అది వెనక్కి ఊగుతుంది, ఫలితం చెడుతుంది. నూనె కలిపిన బంకమట్టి దిమ్మెకు బిగించి కట్టాలి. బుల్లెట్ ఆగినా సరే, మట్టిలో గుంట 44 మిల్లీమీటర్లు దాటితే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు అమెరికా పెట్టిన ఎన్‌ఐజే 0101.06 ప్రమాణం ప్రకారం సాధారణంగా ఫెయిలే. లోపల పక్కటెముకలు విరిగే ప్రమాదం ఉంది మరి.

ముందు మట్టినే పరీక్షించాలి. 1.043 కిలోల ఉక్కు గుండును 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే సగటున 19 మిల్లీమీటర్ల గుంట పడాలి, అటూ ఇటూ 2 మిల్లీమీటర్లు చెల్లుతుంది. మెత్తబడటానికి ఈ మట్టిని మామూలుగా వేడిచేస్తారు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు ఆ అవసరం ఉండదు, పైగా మరీ మెత్తబడి గుంటలన్నీ లోతుగా కనిపిస్తాయి. నీడలో ఉంచి, మధ్యమధ్య గుండు వేసి సరిచూసుకోవాలి. కాల్చేటప్పుడు రెండో బుల్లెట్ మొదటి రంధ్రానికి దగ్గరగా తగిలితే ఆ లెక్క కొట్టేయాలి.

మిగిలింది జిమ్‌లోని 20 కిలోల పోత ఇనుప ప్లేటు. జాకెట్‌ను పక్కనబెడితే, ఈ ఆట సామాన్లలో పిస్టల్ బుల్లెట్‌ను ఆపేది ఇదొక్కటే. కాకపోతే పోత ఇనుముకు పెళుసుదనం ఎక్కువ, పగలొచ్చు. పగలకపోయినా, చితికిన సీసం, రాగి తునకలు ప్లేటు ముఖం వెంబడి నలువైపులా చిమ్ముతాయి. గుండెకు అడ్డం పెట్టుకుంటే అవి లేచేది గొంతు మీదికే.