రంగూన్ రేవు నుంచి హేగ్ దాకా: ‘కలా’ అనే మాట వెనుక కథ

రొహింగ్యా ముస్లింలను ఊచకోత కోసిందంటూ మయన్మార్‌పై (ఒకప్పటి బర్మా) గాంబియా 2019 నవంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన జాతిహనన దావా వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఒక చిన్న బర్మీ మాట కూడా రచ్చకెక్కుతుంది. ఆ మాట ‘కలా’. రొహింగ్యాలనే కాదు, ఆ దేశంలో తరతరాలుగా ఉంటున్న భారత సంతతి వారిని, వాళ్ళు హిందువులైనా ముస్లింలైనా, వీధిలో ఈ మాటతోనే పిలుస్తారు. ఇది తిట్టు కాదని, పడమటి నుంచి వచ్చినవాళ్ళకు తమ పూర్వులు పెట్టిన పేరు మాత్రమేనని బర్మీ జాతీయవాదులు అంటారు. ఆ పిలుపు పడేవాళ్ళు మాత్రం దీన్ని ఒప్పుకోరు.

మొదటి వాదనలో కొంత నిజం లేకపోలేదు. రాజుల కాలంలో తెల్లవాళ్ళను సైతం ‘తెల్ల కలాలు’ అనేవారు. శనగలకు, ఒంటెకు, చివరికి కుర్చీకి కూడా బర్మీ భాషలో ఉన్న పేర్లు ‘కలా’తోనే మొదలవుతాయి, నేలమీద చాప పరుచుకుని కూర్చునేవాళ్ళకు కుర్చీ అంటే పడమటివాళ్ళ ఆసనమే కదా. అయితే మాట ఎంత పాతదన్నది ఇవాళ్టి తగవును తేల్చదు. పాత పిలుపు తిట్టుగా స్థిరపడింది ఎప్పుడు, ఎవరి మీద అన్నదే అసలు ప్రశ్న. దీనికి చాలామంది రొహింగ్యాలుండే రఖైన్ రాష్ట్రంలో 2012లో జరిగిన అల్లర్లను, ఫేస్‌బుక్‌ను చూపిస్తారు. జవాబు అంతకు ఎనభై ఏళ్ళ ముందు, 1930 మే నెలలో, రంగూన్ రేవులో ఉంది. అక్కడ దెబ్బలు తిన్నవాళ్ళు తెలుగువాళ్ళు.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో ‘రంగం వెళ్ళడం’ అంటే ఒకప్పుడు పొట్ట చేతపట్టుకుని రంగూన్‌కు ఓడెక్కడం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు 1839 తుపానుకు చెడిపోయినా దాని పేరు మాత్రం బర్మాలో నిలిచిపోయింది. ఏ ఊరి నుంచి వచ్చినా తెలుగు కూలీని అక్కడ ‘కోరంగీ’ అనే అనేవారు. మేస్త్రీ ఊళ్ళోనే బయానా ఇచ్చి, ఓడ ఛార్జీ కట్టి మనుషులను పట్టుకెళ్ళేవాడు. తరువాత ఆ బాకీని వాళ్ళ కూలిలోంచే కోసుకునేవాడు. ఓడల్లో సరుకు ఎత్తి దించే పని దాదాపుగా ఈ ముఠాలదే. 1931 జనగణన నాటికి నాలుగు లక్షల పైచిలుకు ఉన్న రంగూన్ జనాభాలో భారతీయులే సగానికి మించి ఉన్నారు. సొంత దేశపు రాజధానిలోనే తాము తక్కువయ్యామన్న బర్మీల బాధను ఈ అంకె ఒక్కటే చాలావరకు వివరిస్తుంది.

ఆ మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. ఓడల సరుకు దింపించే బ్రిటిష్ కంపెనీలు సమ్మెను విరవడానికి, అంతవరకు రేవు ఛాయలకు కూడా రానివ్వని బర్మీ కూలీలను పిలిచి పనిలో పెట్టాయి. తరువాత పాత కూలీలతో రాజీ కుదరగానే కొత్తవాళ్ళను వద్దు పొమ్మన్నాయి. మే 26 ఉదయం ఎప్పటిలా పనికి వచ్చిన బర్మీలకు ఆ సంగతి రేవు దగ్గరే తెలిసింది. వెనక్కి తిరుగుతున్న తమను చూసి కోరంగీలు ఎగతాళి చేశారని, తగవు అక్కడే రాజుకుందని బర్మీలు చెబుతూ వచ్చారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ నవ్వు గురించి చెప్పినంత వివరంగా, రెండు జాతుల ఆకలిని ఒకదానిమీద ఒకటి ఉసిగొల్పి తాము పక్కకు తప్పుకున్న కంపెనీల గురించి చెప్పినవాళ్ళు తక్కువ. ఆ పూట మొదలైన వేట కొన్ని రోజులు సాగింది. తెలుగు కూలీలను ఇరుకు బసల్లోంచి లాగి, వీధుల్లో తరిమి చంపారు. వేలమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ళు వందకు పైగా అని ప్రభుత్వం లెక్క తేల్చగా, అసలు సంఖ్య దానికి కొన్ని రెట్లు ఉంటుందని ఇతరులు అంచనా వేశారు.

ఈ అల్లరి చల్లారకముందే రంగూన్‌లో ‘దొబమా’ ఉద్యమం పుట్టింది. ‘మనం బర్మీలం’ అన్న ఆ నినాదం తెల్లదొరతనానికి ఎదురు తిరిగిన నినాదమే, అందులో సందేహం లేదు. తరువాత స్వాతంత్ర్యం తెచ్చిన నాయకులు చాలామంది ఆ గూటివారే. కానీ ‘మనం’ అన్నప్పుడు ‘వాళ్ళు’ ఎవరన్న ప్రశ్నకు వీధిలో దొరికిన సులువైన జవాబు, తుపాకీ ఉన్న దొర కాదు, బస్తా మోసే కోరంగీ. ఒకప్పుడు దొరను కూడా కలుపుకున్న ‘కలా’ అన్న పిలుపు క్రమంగా దొరను వదిలేసి నల్లటి ఒంటికే అంటుకుపోయింది.

ఇక్కడ బర్మీల వైపు నుంచి ఎప్పుడూ వినిపించే మాట చెట్టియార్ల అప్పులు. ఆర్థిక మాంద్యంలో వరి ధర పడిపోయి, అప్పు తీర్చలేని రైతుల భూములు తమిళ చెట్టియార్ల పరమయ్యాయి. దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో 1930లో సుమారు 6 శాతంగా ఉన్న వాళ్ళ వాటా 1938 నాటికి 25 శాతానికి చేరింది. ఈ గాయం నిజమైనదే. కానీ వరస గమనించాలి: రేవులో హత్యలు జరిగింది ఆ భూములు చేతులు మారకముందు. పైగా వడ్డీ వ్యాపారికి, మేస్త్రీ బాకీలో కూరుకున్న కూలీకి ఉన్న ఏకైక పోలిక ఒంటి రంగు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టి, ఒకరి మీది కోపాన్ని మరొకరి మీద తీర్చుకునే వీలు కల్పించింది ఆ మాటే.

1938 జులైలో అల్లర్లు మళ్ళీ చెలరేగినప్పుడు గురి ముస్లింల మీదికి మళ్ళింది. బౌద్ధాన్ని కించపరిచిందంటూ ఒక పాత పుస్తకం సాకుగా దొరికింది. బర్మీ స్త్రీలు ‘కలా’లను పెళ్ళాడి మతం పోగొట్టుకుంటున్నారన్నది అసలు ఆరోపణ. మరుసటి ఏడాదే బౌద్ధ స్త్రీల వివాహాలపై ప్రత్యేక చట్టం వచ్చింది. అదే భయాన్ని అవే మాటలతో మళ్ళీ రగిలించి 2015లో ‘జాతి, మత పరిరక్షణ’ పేరుతో నాలుగు చట్టాలు చేశారు. వాటిలో ఒకటి మళ్ళీ బౌద్ధ స్త్రీల వివాహాల గురించే.

1942లో జపాన్ దాడికి కాలినడకన పారిపోయి రావడం, 1962 తరువాత సైనిక పాలకుడు నే విన్ చేసిన జాతీయకరణతో లక్షలమంది తిరుగుముఖం పట్టడం ఇక్కడ చాలా ఇళ్ళల్లో చెప్పుకునే కథలే. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. బర్మాలోనే ఉండిపోయినవాళ్ళకు మాత్రం ఆ పిలుపు 1982లో చట్టం రూపంలో ఎదురైంది. ఆ ఏటి పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి స్థిరపడిన జాతులనే పుట్టు పౌరులుగా గుర్తించింది. ఆ మరుసటి ఏడే మొదటి ఆంగ్లో-బర్మీ యుద్ధం మొదలైంది కనుక, దొరల వెంట ఓడెక్కి వచ్చిన ప్రతివాడి వంశమూ ఆ గీతకు అవతలే మిగిలిపోయింది. ‘కలా’ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు, ఉండాల్సిన అవసరమూ లేకపోయింది.

2012 జూన్‌లో రఖైన్‌లోని తౌంగప్‌లో పదిమంది ముస్లింలను బస్సులోంచి దింపి చంపినప్పుడు, మృతులను ప్రభుత్వ పత్రికలే ‘కలా’లని రాశాయి. యాంగాన్‌లో (ఒకప్పటి రంగూన్) ముస్లింలు నిరసన తెలిపాక సవరణ వేసుకున్నాయి. వాడుక మాటే అయితే సవరణ ఎందుకు వేసుకున్నట్టు?

2017లో ఫేస్‌బుక్ ఆ మాట ఉన్న పోస్టులను తీసేయడం మొదలుపెట్టినప్పుడు శనగల గురించి రాసినవి కూడా పోయాయి. బర్మీలు దాన్ని ఎగతాళి చేశారు, ఆ ఎగతాళిలో న్యాయం ఉంది. మనుషుల మీద దాడికి వాడినప్పుడే తొలగించాలన్నది తమ విధానమని, అమలులో తడబడ్డామని కంపెనీ ఒప్పుకుంది. అయితే మరుసటి ఏడాది రాయిటర్స్ బయటపెట్టిన సంగతిని అంతగా ఎవరూ గుర్తు చేసుకోరు. కనిపించిన ‘కలా’లందరినీ చంపమని రాసిన ఒక బర్మీ పోస్టును ఫేస్‌బుక్ అనువాద యంత్రం, మయన్మార్‌లో ఇంద్రధనుస్సు ఉండకూడదు అన్నట్టు అర్థం లేని ఇంగ్లీషులోకి మార్చి చూపించింది. శనగలను పట్టుకున్న యంత్రానికి హత్యల పిలుపు కనబడలేదు.

2020లో ‘నన్ను కలా అనొద్దు’ అంటూ యాంగాన్ యువత చేసిన ప్రచారానికి పెద్దతరం నుంచి వచ్చిన సమాధానం పాతదే: మా తాతలూ ఇలాగే పిలిచారు, అందులో ద్వేషం లేదు. 2021 సైనిక కుట్ర తరువాత ఏర్పడిన సమాంతర ప్రభుత్వం ఆ జూన్‌లో రొహింగ్యాలను ‘రొహింగ్యాలు’ అనే సంబోధించి ప్రకటన చేసింది. 1982 చట్టాన్ని రద్దు చేసి, దేశంలో పుట్టడాన్ని, లేదా దేశ పౌరులకు పుట్టడాన్ని ఆధారం చేసుకుని కొత్త చట్టం తెస్తామని అందులో చెప్పింది. అది అమలైతే 1823 గీత చెరిగిపోతుంది, కోరంగీ మునిమనవడికి కూడా అక్కడ పుట్టినవాడిగా హక్కు దక్కుతుంది. కానీ ఇప్పటి రాజధాని నేపిడా ఆ ప్రభుత్వం చేతిలో లేదు; యాంగాన్‌లోని కార్యాలయాల్లో నేటికీ నడుస్తున్నది పాత చట్టమే.