ఫాంట్ మారిస్తే ఇంగ్లీషు మారుతుంది, తెలుగు ఎందుకు మారదు?

కడియం నర్సరీలో పనిచేసే ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "కొత్త ఫోన్‌లో థీమ్స్‌లోంచి చేతిరాతలా ఉండే ఫాంట్ ఒకటి దించానండి. మొక్కల పేర్లు ఇంగ్లీషులో కొడితే అదిరిపోతున్నాయి. తెలుగులో మెసేజ్ పెడితే మాత్రం ఎప్పటి అక్షరాలే. ఫోన్ పాడైందంటారా, నేనే ఏమైనా తప్పు నొక్కానంటారా?"

ఫోన్ పాడవలేదు, మీరు తప్పూ నొక్కలేదు. ప్రశ్న చిన్నదే గానీ ఈ విషయం మీద నాకున్న మోజు చిన్నది కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

ఫాంట్ ఎలా మార్చాలో చెప్పడం మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. సామ్‌సంగ్ అయితే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద ఫాంట్ సైజు, స్టైలు అని ఉంటుంది. షావోమీ లాంటి ఫోన్లలో థీమ్స్ యాప్‌లో దొరుకుతాయి. ఐఫోన్‌లో అక్షరం సైజు, మందం తప్ప ఫోన్ మొత్తానికి ఫాంట్ మార్చనివ్వరు, 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి యాప్‌ల లోపల వాడుకోవడానికి మాత్రం కొత్త ఫాంట్లు ఎక్కించుకోవచ్చు. అంతే. ఇక అసలు సంగతికి వద్దాం.

మీ ఫోన్‌లో ఉన్నది ఒక్క ఫాంట్ కాదు. మీరు ఎంచుకున్నది వరసలో మొదటిది మాత్రమే, దాని వెనక తెలుగుకొకటి, తమిళానికొకటి, అరబిక్‌కొకటి, ఎమోజీలకొకటి, ఇలా పదులకొద్దీ ఫాంట్లు బారుతీరి ఉంటాయి. ధవళేశ్వరంలో నీళ్లు వదిలాక ఏమవుతుందో మన డెల్టా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు కదా. పెద్ద కాలువలోంచి పిల్ల కాలువకి, అక్కణ్ణుంచి బోదెకి, బోదె పొడవునా తూములు, ఎగువ చేను ముందు తడుస్తుంది, అది పట్టగా మిగిలింది కిందికి పోతుంది, శివారు చేను దాకా వెళ్లి అక్కడా ఎవరూ పట్టనిది మురుగు కాలువలో పడిపోతుంది. మీరు కొట్టిన మెసేజ్‌లో అక్షరాలు కూడా ఇలాగే ఫాంట్ల వెంట పారతాయి. మొదటి ఫాంట్ ముందుకొచ్చిన ప్రతి అక్షరాన్నీ "ఇది నా దగ్గర ఉందా?" అని ఫోన్ చూస్తుంది. ఉంటే అక్కడే ఆగిపోతుంది, లేకపోతే తర్వాతి ఫాంట్‌కి పోతుంది. మీరు దించుకున్న చేతిరాత ఫాంట్ ఎగువ చేను. దాని తూములోంచి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే దూరతాయి. తెలుగు అక్షరం దాని ముందునుంచి తాకకుండా జారిపోయి, ఎక్కడో కిందనున్న తెలుగు ఫాంట్ చేతిలో పడుతుంది (మామూలు ఆండ్రాయిడ్‌లో అది నోటో సాన్స్ తెలుగు, కొన్ని కంపెనీలు తమదే వేరేది పెడతాయి). మీకు కనిపిస్తున్న "ఎప్పటి అక్షరాలు" అవే.

ఒక మెసేజ్‌లో "15వ తేదీ" అని కొట్టి చూడండి. 15 మీ కొత్త ఫాంట్‌లో వయ్యారంగా వస్తుంది, పక్కనే "వ తేదీ" మామూలుగా ఉంటుంది, ఎందుకంటే 15ని ఎగువ చేనే పట్టేసింది. కామా, ఫుల్‌స్టాప్ లాంటి గుర్తులు ఆండ్రాయిడ్‌లో ఇంకో రకం. తమ ముందున్న అక్షరం ఏ ఫాంట్‌లో ఉందో అందులో తాము కూడా ఉంటే దాన్నే అంటిపెట్టుకుంటాయి, ఈ ఏర్పాటే లేకపోతే తెలుగు వాక్యం మధ్యలో కామా ఒక్కటే వంకర్లు తిరిగి ఉండేది.

మరి ఎవరూ పట్టని అక్షరం సంగతి? అది మురుగు కాలువే. తెరమీద ఖాళీ డబ్బాగా కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో కనిపించే నకార పొల్లుకు యూనికోడ్‌లో (ప్రపంచ భాషల్లో ప్రతి అక్షరానికీ ఒక సంకేతం కేటాయించే ఉమ్మడి పట్టిక అది) సొంత స్థానం 2021లో, 14వ వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందే తయారై తర్వాత అప్‌డేట్ కాని ఫోన్‌కి ఎవరైనా ఆ అక్షరం పంపితే, బోదె మొత్తం పారినా ఏ తూమూ పట్టదు, డబ్బాయే. ఎమోజీలు కొన్ని మీ ఫోన్‌లో డబ్బాలుగా వచ్చేదీ ఇందుకే. ఫోన్‌కి వైరస్ పట్టిందని భయపడి రీసెట్ కొట్టేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

సరే, ఆ చేతిరాత ఫాంట్ చేసినాయన తెలుగు కూడా గీసేస్తే పోయేది కదా? ఇక్కడే నాకు ఉత్సాహం ఎక్కువవుతుంది. ఇంగ్లీషుకి చిన్నవీ పెద్దవీ కలిపి 52 బొమ్మలు, అంకెలు, గుర్తులు గీస్తే ఒక మాదిరి ఫాంట్ అయిపోతుంది. తెలుగు లెక్క చూడండి. క్షను పక్కనపెడితే హల్లులు 35. ప్రతి హల్లు కింద ప్రతి హల్లు వత్తుగా రావచ్చు కాబట్టి 35ని 35తో హెచ్చిస్తే 1,225 జంటలు. ఒక్కో జంటకీ క, కా, కి నుంచి కౌ దాకా 14 రూపాలు. మొత్తం 17,150. రెండేసి వత్తులు వచ్చేవి ఇందులో కలపలేదు. వీటిలో చాలావాటితో మనకు జన్మలో పని పడదు, నిజమే, కానీ ఎవరు ఎప్పుడు ఏది కొడతారో ఫాంట్‌కి ముందుగా తెలియదు.

పదిహేడు వేల బొమ్మలు ఎవరూ గీయరు. ముక్కలు గీస్తారు, వాటితో పాటు ముక్కల్ని కూర్చే నియమాలు రాస్తారు. కాబట్టి తెలుగు ఫాంట్‌లో బొమ్మలెంతో నియమాలూ అంత. జీసబ్ అనే పట్టికలో "ఈ ముక్కలు పక్కపక్కన వస్తే వాటి బదులు ఈ ముక్క వేయి" అని ఉంటుంది, జీపాస్ అనే పట్టికలో "ఈ ముక్కను ఇంత పక్కకి, ఇంత కిందికి జరుపు" అని ఉంటుంది. ఆ పట్టికలు చదివి పని చేసే ప్రోగ్రామ్ ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లూ దాన్నే వాడతాయి.

ఆత్రేయపురం తీసుకోండి. పూతరేకులు కాదు, పేరు. అందులో "త్రే" అనేది ఫోన్ లోపల నాలుగు సంకేతాలు: త, పొల్లు, ర, ఏత్వం. మనం పలికే వరస అదే, దాచుకునే వరసా అదే. కానీ తెరమీద చూడండి, ఆఖర్న కొట్టిన ఏత్వం రకారం మీద లేదు, తకారం నెత్తిన కూర్చుంది! అంటే హార్ఫ్‌బజ్ ముందు "పొల్లు, ర" అనే జంటను వత్తుగా గుర్తించాలి, ఆ తర్వాత చివరనున్న ఏత్వాన్ని పట్టుకొచ్చి వత్తుకంటే ముందుకు, తకారం పక్కకి జరపాలి, త, ఏత్వం రెండూ కలిసి తే అనే ఒకే ముక్కగా మారాలి (తలకట్టు పోవాలి కదా), చివరికి ర వత్తు దాని చోట అది కూర్చోవాలి. మీరు కీబోర్డు మీద వేలు తీసేలోగా ఇదంతా అయిపోతుంది, మెసేజ్‌లో ప్రతి అక్షరానికీ జరుగుతుంది. ఇక స్థైర్యంలోని ఐత్వం ఇంకా తమాషా. సంకేతం ఒకటే, బొమ్మ రెండు ముక్కలు, పైన ఎత్వం, కింద ఇంకో తోక. ఆ కింద చోటు కోసం థ వత్తు కూడా పోటీకొస్తుంది. రెండూ గుద్దుకోకుండా సర్దడం ఫాంట్ గీసినవాడి పనితనం.

బడిలో గుణింతాలూ వత్తులూ వల్లె వేయించేవాళ్లు గానీ, పలికే వరస వేరు, రాసే చోటు వేరు అని ఎవరూ విడమర్చి చెప్పేవారు కాదు. పిల్లలు "త్రే" రాసేటప్పుడు ఏత్వాన్ని వత్తుకి తగిలించేస్తే చెవి మెలిపెట్టేవారు. నిజానికి ఆ పిల్లాడు విన్న వరసలోనే రాశాడు, పాపం.

ఈ నియమాల వల్ల ఇంకో షరతు పుట్టింది. ఏ ఫాంట్ నియమాలు ఆ ఫాంట్ ముక్కలకే వర్తిస్తాయి. తకారం ఒక ఫాంట్‌లోంచి, ర వత్తు ఇంకో ఫాంట్‌లోంచి తెచ్చి అతికించడం కుదరదు, "త్రే" మొత్తాన్నీ ఒకే ఫాంట్ పట్టాలి. నా కాలువ పోలిక ఇక్కడ తడబడుతుందని ఒప్పుకుంటాను, నీళ్లు ఎంతయినా విడగొట్టుకోవచ్చు, అక్షరం కుదరదు. థీమ్ ఫాంట్ చేసేవాడు సరదాగా క, త, ర వరకు గీసి ఊరుకుంటే లాభం లేదు. చేస్తే నియమాలతో సహా అంతా చేయాలి, లేదంటే తెలుగును తాకకుండా కిందికి వదిలేయాలి. ఎక్కువమంది వదిలేస్తారు. మీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంకోటి, మీరు ఫాంట్ మార్చిన అందం మీ ఫోన్ దాకానే. మెసేజ్‌లో వెళ్లేది సంకేతాలు, బొమ్మలు కాదు. అవతలి వాళ్ల ఫోన్‌లో వాళ్ల బోదె, వాళ్ల తూములు. మరి వాట్సాప్‌లో కొందరి పేర్లు అందరి ఫోన్లలోనూ గొలుసుకట్టు రాతలో ఎలా కనిపిస్తున్నాయంటారా? అది ఫాంటే కాదు. గణితంలో వాడే వాలు అక్షరాలు, గొలుసుకట్టు అక్షరాలు 2001లో యూనికోడ్ 3.1తో విడి గుర్తులుగా చేరాయి. "స్టైలిష్ నేమ్" యాప్‌లు మీ పేరులోని మామూలు ఇంగ్లీషు అక్షరాలు తీసేసి ఆ గణిత గుర్తులు పెడతాయి, అంతే. తెలుగుకి అలాంటి గుర్తులు లేవు, అందుకే ఆ యాప్‌లు తెలుగు పేరు చూసి చేతులెత్తేస్తాయి. న్యూమరాలజీ ప్రకారం పేరులో ఒక ఎక్స్‌ట్రా "ఏ" పెట్టుకుని, ఆపైన ఇలా గణిత గుర్తుల్లోకి మార్చుకున్నవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఇప్పుడు అందులో "ఏ" అనే అక్షరం లేనేలేదు మరి! నవ్వు సంగతి అలా ఉంచితే, చూపులేనివాళ్ల కోసం ఫోన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి ఇలాంటి పేర్లు నిజంగానే ఇబ్బంది.

దీనికి సరిగ్గా ఉల్టా పని మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి జరిగింది. సంక్రాంతికి రావులపాలెం సెంటర్లో కట్టే ఫ్లెక్సీల మీద అంత సోకైన తెలుగు అక్షరాలు ఉంటాయి కదా, వాటిలో చాలావరకు అను ఫాంట్లు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఆ మ్యాటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపించడానికి కారణం అదే. ఫోన్‌కి అవి ఇంగ్లీషు అక్షరాలే, ఎగువ చేను ఆనందంగా పట్టేస్తుంది.

ఇలా అక్షరాలు కూర్చే ప్రోగ్రామ్ ఏదైనా తప్పటడుగు వేస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని గుర్తు, చివర దీర్ఘం, ఈ వరస మెసేజ్‌గా వస్తే ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్‌లో ఆ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మంత్రాక్షర మహిమ అని ఎవరైనా అంటే నమ్మకండి, మామూలు జ్ఞానం అన్న మాటకి ఆ ఫోన్లు ఏమీ కాలేదు, మధ్యలో ఆ కనపడని గుర్తు దూరిన అరుదైన వరసకే తికమకపడ్డాయి. ఆ గుర్తు చెడ్డదేమీ కాదు. "ఫోన్‌లో" అన్నప్పుడు నకారం కింద ల వత్తు పడకుండా ఆపేది అదే.

స్టైలు కంటే సైజు ముఖ్యం అని నా అభిప్రాయం. కళ్లజోడు పెట్టుకున్నా వత్తులు కనపడక సతమతమయ్యే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, వత్తు అసలు అక్షరంకంటే చిన్నది కదా. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు, పైగా అప్పటికే పెద్దగా ఉన్న హెడ్డింగులు తక్కువగా, చిన్న అక్షరాలు ఎక్కువగా పెరుగుతాయి. అయితే తెలుగుకి ఎత్తు సమస్య కూడా ఉంది. పైన గుడి, కింద వత్తు, ఆ కింద ఇంకో వత్తు, ఇంగ్లీషు గీతల మధ్య ఇవి పట్టవు. బటన్లూ మెనూలూ చెదిరిపోకుండా ఉండాలని ఆండ్రాయిడ్ చాలాకాలం తెలుగు, కన్నడ, తమిళం లాంటి లిపులకు నిలువుగా కుదించిన ఫాంట్లు వాడింది. ఆండ్రాయిడ్ 13 నుంచి అవసరాన్నిబట్టి వరుస ఎత్తు దానంతటదే సాగుతోంది, ఆండ్రాయిడ్ 15 కోసం తయారైన యాప్‌లలో కుదించని ఫాంట్ వాడటమే మామూలు పద్ధతి అయింది. కొత్త ఫోన్‌లో తెలుగు ఎందుకో హాయిగా ఉందనిపిస్తే బహుశా ఇదీ ఒక కారణం.

ఫోన్ మొత్తానికి కాకపోయినా, పోస్టర్లు చేసే యాప్‌లలో మంచి తెలుగు ఫాంట్లు ఎక్కించుకోవచ్చు. రామభద్ర, మల్లన్న, ధూర్జటి, మండలి, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎక్కడెక్కడో దొరికే ఫాంట్ యాప్‌లు కాంటాక్ట్స్, మెసేజ్‌లు చూస్తామని అనుమతి అడిగితే ఇవ్వకండి, అక్షరం గీయడానికి మీ బంధువుల నంబర్లతో పనేమిటి? కొత్త ఫాంట్ చేతికొచ్చాక ద్రాక్షారామం, ఆత్రేయపురం, స్థైర్యం, వైశిష్ట్యం అని నాలుగు మాటలు కొట్టి చూడండి. క్ష విడిపోయి పొల్లుతో కనిపించినా, ఏత్వం గాల్లో వేలాడినా, ట వత్తూ య వత్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కినా నియమాలు సగంలో వదిలేశారని అర్థం, ఇంకో ఫాంట్ చూసుకోండి.