బీటీ పత్తిలో మిత్ర పురుగులు: అసలు ప్రశ్న ఎక్కడ దారి తప్పింది?

జన్యుమార్పిడి ఆవాల హైబ్రిడ్ డీఎంహెచ్-11 కేసులో 2024 జులై 23న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. దాంతో జన్యువు మార్చిన పంట పొలానికి మేలు చేసే పురుగుల్ని బతకనిస్తుందా అన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఈ ఆవాలను విడుదల చేయవచ్చని 2022 అక్టోబరులో సిఫార్సు చేసిన జీఈఏసీ (జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ), తేనెటీగలపై పరీక్షలు మాత్రం విడుదలయ్యాక రెండేళ్లలో చేయమంది. ముందు చేయాల్సిన పని వెనక్కి పోయింది. ఈ ఆవాల్లో బీటీ జన్యువు, అంటే లద్దె పురుగుల్ని చంపే ప్రొటీన్‌ను తయారుచేసే బ్యాక్టీరియా జన్యువు, లేదు. అయినా వాదనలో రెండు పక్షాలూ సాక్ష్యంగా తెచ్చేది బీటీ పంటలనే.

2002లో మన దేశానికి బీటీ పత్తి ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. వివాదాన్ని మలుపు తిప్పింది మాత్రం అంతకు నాలుగేళ్ల ముందు, 1998లో స్విట్జర్లాండ్‌లో ఆంజెలికా హిల్‌బెక్ బృందం చేసిన ప్రయోగం. బీటీ మొక్కజొన్న తిన్న గొంగళి పురుగుల్ని వేరే పురుగుల్ని తిని బతికే మిత్ర పురుగైన అల్లిక రెక్కల పురుగు పిల్లలకు మేతగా వేశారు. పెద్దవి కాకముందే 62 శాతం చనిపోయాయి. మామూలు మొక్కజొన్న తిన్న పురుగుల్ని మేపినప్పుడు చనిపోయింది 37 శాతం. బీటీ మిత్ర పురుగుల్ని చంపుతుందన్న మాట ఇక్కడి నుంచే ఊరూరా పాకింది.

ఆ అంకెలు నిజమే. కారణం వేరని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2002లో అదే దేశంలో మరో బృందం మేతను మార్చి చూసింది. మొక్క రసం పీల్చే పేనుబంక ఒంట్లో బీటీ ప్రొటీన్ చేరలేదు. ఎర్రనల్లిలో లద్దె పురుగులో కంటే ఎక్కువే ఉంది. అయినా ఎర్రనల్లిని తిన్న అల్లిక రెక్కల పురుగుకు ఏమీ కాలేదు, లద్దె పురుగును తిన్నవే దెబ్బతిన్నాయి. 2004లో ప్రొటీన్‌ను చక్కెర నీళ్లలో కలిపి నేరుగా తాగించినా హాని కనిపించలేదు. అంటే బీటీ తిని జబ్బుపడి చిక్కిపోయిన లద్దె పురుగు మంచి మేత కాలేకపోయింది. ఒక్క మాట ఒప్పుకోవాలి: గొంగళి పురుగుల మీదే బతికే పరాన్నజీవులకు బీటీ చేలో ఆతిథ్య పురుగు దొరకదు, వాటి సంఖ్య తగ్గుతుంది.

చేలో జరిగేది ఇంకా పెద్ద లెక్క. ఉత్తర చైనాలో ఆరు రాష్ట్రాల్లో 36 చోట్ల 1990 నుంచి 2010 దాకా లెక్కించారు. బీటీ పత్తి వచ్చి మందు కొట్టడం తగ్గాక అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు పెరిగాయి, పేనుబంక తగ్గింది. మిత్ర పురుగును కాపాడింది పిచికారీ తగ్గడమే.

మన పత్తి చేలల్లో ఆ మేలు నిలవలేదు. 20 శాతం విస్తీర్ణంలో గానీ, చేను చుట్టూ ఐదు సాళ్లలో గానీ, ఏది ఎక్కువైతే అంతమేర నాన్ బీటీ వేయాలన్నది నిబంధన. అక్కడ పుట్టిన, బీటీకి లొంగే రెక్కల పురుగులు తట్టుకున్న వాటితో కలిస్తేనే బీటీని తట్టుకునే గుణం (నిరోధం) పెరగడం నెమ్మదిస్తుంది. 450 గ్రాముల బీటీ విత్తన సంచితో ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఎక్కువ మంది గట్టు మీదే పడేశారు. ఆరేడు నెలల హైబ్రిడ్లు గులాబీ రంగు పురుగుకు జనవరి దాకా మేత పెట్టాయి. 2014-15లో గుజరాత్‌లో అది రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 పత్తినీ తట్టుకుంది, తర్వాత మన చేలల్లోనూ గుడ్డిపూలు (లోపల పురుగు చేరి రేకులు విచ్చుకోని పూలు) కనిపించాయి. వెంటనే సింథటిక్ పైరెత్రాయిడ్ పురుగు మందులు తిరిగొచ్చాయి. వాటిని తొందరపడి కొడితే ముందు చచ్చేది మిత్ర పురుగు, ఆ వెనకే తెల్లదోమ పెరుగుతుంది.

మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినా, 20 పచ్చికాయలు కోస్తే రెండింట్లో పురుగు ఉన్నా అప్పుడే మందు తీయాలి. పురుగు గుడ్లలో పెరిగే పరాన్నజీవి ట్రైకోగ్రామా గుడ్లు ఎకరాకు 60,000 ఉండేలా కార్డులు కట్టిన వారంలో మాత్రం ఏ మందూ పడకూడదు.

ఇప్పుడు సంచిలోనే 5 నుంచి 10 శాతం నాన్ బీటీ గింజలు కలుపుతున్నారు. కలుపు మందును తట్టుకునేలా మార్చి, అనుమతి లేకుండా తిరుగుతున్న హెచ్‌టీబీటీ పత్తి సంచిలో ఆ గింజలున్నాయని పూచీ పడేవారు లేరు. పైగా ఆ చేలో కొట్టే కలుపు మందు గ్లైఫోసేట్, మిత్ర పురుగులు తలదాచుకునే కలుపునూ మిగల్చదు.