సగం సగం వచ్చినంత మాత్రాన సూపర్‌పొజిషన్ కాదు

మా ప్రయోగశాలలో కొత్తగా చేరిన వాళ్లలో ఎవరో ఒకరు ఇలాంటి గ్రాఫు పట్టుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఈసారి వచ్చిన అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. చల్లబరిచిన రుబీడియం-87 పరమాణువుల మీద మైక్రోవేవ్ పల్స్ వేసి, పల్స్ నిడివి పెంచుకుంటూ పోయి, ప్రతిసారీ పై శక్తి స్థాయిలో ఎంత భాగం ఉందో కొలిచింది. గీత మొదట్లో సున్నాకూ ఒకటికీ మధ్య చక్కగా ఊగింది. పోను పోను ఊపు తగ్గి, 0.5 దగ్గర నిలిచిపోయింది. "చూడండి సార్, ఇక్కడి నుంచి పల్స్ ఎంతసేపు వేసినా సూపర్‌పొజిషన్ చెదరడం లేదు" అంది. సూపర్‌పొజిషన్ అంటే పై, కింది స్థాయిలు రెండూ ఒకే పరమాణువులో కలిసి ఉండే స్థితి.

ఆమె వేలు పెట్టి చూపించిన చోట మేము వాడుకోగలిగిన సూపర్‌పొజిషన్ ఏమీ మిగల్లేదు. మేఘంలో ఒక అంచున మైక్రోవేవ్ బలం కాస్త ఎక్కువ, మరో అంచున కాస్త తక్కువ. ఒక్కో పరమాణువు ఒక్కో వేగంతో తిరిగి, చివరికి ఎవరి దారి వారిదైపోయింది. ఆ గందరగోళానికి సగటు తీస్తే వచ్చేదే ఆ 0.5. గ్రాఫు మొదట్లో, గీత మొదటిసారి పైకి వెళుతూ 0.5ను దాటిన క్షణంలో మాత్రం అసలైన సూపర్‌పొజిషన్ ఉంది. రెండు చోట్లా అంకె ఒకటే. చిక్కంతా అక్కడే.

అపోహ: పరమాణువు పై స్థాయిలోనో కింది స్థాయిలోనో ముందే ఉంటుంది, ఎక్కడుందో మనకు తెలియకపోవడాన్నే సూపర్‌పొజిషన్ అంటారు.

ఇది చదువుకున్నవాళ్లు కూడా ధీమాగా చెప్పే మాట. దీన్ని నమ్మి ప్రయోగానికి దిగినవాళ్లు నెలలు పోగొట్టుకోవడం కళ్లారా చూశాను, అందుకే దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను.

మన రెండు స్థాయిల మధ్య తేడాకు సరిపోయే మైక్రోవేవ్ సెకనుకు సుమారు 683 కోట్లసార్లు కంపిస్తుంది. రాబీ పౌనఃపున్యం, అంటే పల్స్ పరమాణువును కింది నుంచి పైకీ మళ్లీ కిందికీ తిప్పే వేగం, 10 కిలోహెర్ట్జ్ అనుకుందాం. 50 మైక్రోసెకన్ల పల్స్ వేస్తే కింద ఉన్నదంతా పైకి వెళుతుంది. అందులో సగం, అంటే 25 మైక్రోసెకన్లు వేసి ఆపితే సమాన సూపర్‌పొజిషన్ వస్తుంది. ఇప్పుడు రెండు పాత్రలు ఊహించండి. మొదటి పాత్రలోని పరమాణువులన్నిటికీ ఈ 25 మైక్రోసెకన్ల పల్స్ తగిలింది. రెండో పాత్రలో మనమే సగం పరమాణువులను పై స్థాయిలో, సగాన్ని కింది స్థాయిలో పెట్టి కలిపేశాం. కొలిస్తే రెండు పాత్రలూ సగం సగమే చూపిస్తాయి. వెయ్యిసార్లు కొలిచినా తేడా కనిపించదు.

కొలిచే ముందు రెండింటికీ ఇంకో 25 మైక్రోసెకన్ల పల్స్ వేయండి. మొదటి పాత్రలోని పరమాణువులన్నీ పై స్థాయికి చేరుకుంటాయి. ఆ రెండో పల్స్ ఫేజ్‌ను, అంటే దాని అల ఏ దశలో మొదలవుతుందన్నదాన్ని, 180 డిగ్రీలు మార్చి వేస్తే అన్నీ కింది స్థాయికి తిరిగి వస్తాయి. 90 డిగ్రీలైతే సగం సగం. రెండో పాత్రకు మాత్రం ఫేజ్ ఎంత తిప్పినా సగమే వస్తుంది. ఎందుకంటే అక్కడ ప్రతి పరమాణువూ నిజంగానే పైనో కిందో ఉంది, ఆ పల్స్ దేన్నైనా సగానికే తెస్తుంది. సూపర్‌పొజిషన్ అంటే మన తెలియనితనమే అయితే మొదటి పాత్ర కూడా ఇలాగే ప్రవర్తించాలి. ప్రవర్తించదు. మొత్తంగా పైకి పోతుంది, మొత్తంగా కిందికి వస్తుంది. మనకు తెలియకపోవడం పరమాణువును ఇలా నడిపించలేదు. రెండు స్థాయిల మధ్య ఉన్న ఫేజ్ సంబంధం నడిపిస్తుంది.

ఈ రెండు పల్స్‌ల పద్ధతిని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త నార్మన్ రామ్సే 1949లో కనిపెట్టారు. 1989లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1967 నుంచి సెకనుకు నిర్వచనం సీజియం-133 పరమాణువు చేసే 9,192,631,770 కంపనాలు. సీజియం ఫౌంటెన్ గడియారంలో పరమాణువులు పైకి ఎగిరేటప్పుడు ఒకసారి, కిందికి పడేటప్పుడు ఒకసారి అదే మైక్రోవేవ్ పెట్టె గుండా పోతాయి. మధ్యలో అర సెకను పాటు అవి మోసుకెళ్లేది ఆ ఫేజ్‌నే. అది ఉత్త తెలియనితనమైతే ఆ గడియారం నడవదు.

కాబట్టి నా దగ్గరికి 0.5 అంకెతో ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: రెండో పల్స్ ఫేజ్ తిప్పి చూశారా? గీత ఊగితే మాట్లాడుకుందాం. ఊగకపోతే చేతిలో ఉన్నది మిశ్రమం.

ఈ కఠినత్వం నాకు ఊరికే రాలేదు. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నా కొలత ఇలా సాగేది: 780 నానోమీటర్ల లేజర్ వేస్తే పై స్థాయిలోని పరమాణువులు మెరుస్తాయి, కింది స్థాయివి చీకటిగా ఉండిపోతాయి. మెరిసినవి లెక్కపెట్టి, మిగిలినవన్నీ కింద ఉన్నాయని రాసుకున్నాను. కొన్ని వారాల పాటు అంకెలు అందంగా వచ్చాయి. తీరా చూస్తే శూన్య గదిలో మిగిలిన వాయువు తగిలి కొన్ని పరమాణువులు ఉచ్చులోంచి ఎగిరిపోతున్నాయి. లేని పరమాణువు కూడా చీకటిగానే కనిపిస్తుంది కదా! ఆ రోజు నుంచి రెండుసార్లు లెక్కపెట్టడం అలవాటైంది. ముందు పై స్థాయిలో మెరిసేవి, ఆ వెంటనే కింది స్థాయివాటినీ మెరిపించే రీపంప్ లేజర్ కూడా వేసి మొత్తం. భాగం ఎప్పుడూ ఈ రెంటి నిష్పత్తే.

ఇంకో రకం వాళ్లు వస్తారు, వాళ్లను చూస్తే నాకు జాలి. "ఒకే పరమాణువు మీద వందసార్లు చేశాను, ఒకసారి 47 వచ్చింది, మరోసారి 56, ఇంకోసారి 44. ఏదో పాడైంది" అని రాత్రంతా తీగలు బిగిస్తూ కూర్చుంటారు. ఏదీ పాడవలేదు. వంద కొలతల్లో సగం సంభావ్యతకు సహజంగా ఉండే చెదురు 5. మీ అంకెలు ఉండాల్సిన తీరులోనే ఉన్నాయి. ప్రతి వందకూ కచ్చితంగా 50 వస్తే అప్పుడు నన్ను పిలవండి, ఎక్కడో తప్పుంది. చెదురు తగ్గాలంటే కొలతలు పెంచాలి. పదివేలు చేస్తే అర శాతానికి దిగుతుంది. 1993లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ వైన్‌లాండ్ బృందం బంధించిన అయాన్లతో ఈ చెదురును విడిగా కొలిచి చూపించింది. ఇది కొలత స్వభావం, మీ చేతి లోపం కాదు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. మనిషి చూస్తేనే సూపర్‌పొజిషన్ కూలిపోతుందన్నది వట్టి పుకారు. పరమాణువు ఏ స్థాయిలో ఉందో పట్టిచ్చే ఒక్క ఫోటాన్ (కాంతి కణం) వెలువడి గోడకు తగిలినా చాలు, గదిలో ఎవరూ లేకపోయినా సరే. క్షణంలో పోతుందన్నదీ అన్ని చోట్లా నిజం కాదు: రుబీడియంలో లేజర్‌తో ఎక్కించిన స్థాయి 26 నానోసెకన్లలో రాలిపోతుంది, కానీ ఒకే ఒక యెటర్బియం అయాన్‌లో మైక్రోవేవ్ స్థాయిల సూపర్‌పొజిషన్‌ను 10 నిమిషాలకు పైగా నిలబెట్టారు. దీనికి పరమశూన్యం దగ్గరి చలి తప్పనిసరి అనేవారికి, రుబీడియం గడియారాల్లో వేడి చేసిన ఆవిరే వాడతారని చెబుతాను. ఒక్క కొలతతో స్థితి తెలిసిపోతుందా? తెలియదు. ఒకే విధంగా తయారుచేసిన పరమాణువులను నేరుగా కొన్నిసార్లు, 0 డిగ్రీల పల్స్ తర్వాత కొన్నిసార్లు, 90 డిగ్రీల పల్స్ తర్వాత కొన్నిసార్లు కొలవాలి. మూడూ కలిస్తేనే పూర్తి చిత్రం.

ఆ అమ్మాయి సంగతికి వస్తాను. పల్స్‌ను 25 మైక్రోసెకన్ల దగ్గర ఆపి, 2 మిల్లీసెకన్లు ఆగి, రెండో పల్స్ ఫేజ్‌ను 15 డిగ్రీల చొప్పున తిప్పమన్నాను. గీత పడుకునే ఉంది. బిక్కమొహం వేసింది. ఆమె వాడుతున్న స్థాయిల జంటలో రెండింటికీ అయస్కాంత సంఖ్య 1; అయస్కాంత క్షేత్రానికి స్థాయి ఎంత కదులుతుందో చెప్పే సంఖ్య అది. క్షేత్రం ఒక్క మిల్లీగాస్ (గాస్ అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) మారితే పౌనఃపున్యం దాదాపు 1.4 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. అంటే 2 మిల్లీసెకన్లలో ఫేజ్ దాదాపు మూడు చుట్లు తప్పిపోతుంది. గోడలోని కరెంటు తీగల నుంచి వచ్చే క్షేత్రం ఒక్కటే అందుకు సరిపోతుంది. ప్రతి ప్రయోగాన్నీ కరెంటు అల సున్నాను దాటే క్షణంలోనే మొదలుపెట్టమన్నాను. గీత కొద్దిగా కదిలింది. తర్వాత అయస్కాంత సంఖ్య సున్నా ఉన్న జంటకు మార్చింది. అక్కడ ఒక గాస్ స్థిర క్షేత్రం ఉన్నప్పుడు అదే మిల్లీగాస్ మార్పుకు జరిగేది ఒక హెర్ట్జ్‌కు కాస్త ఎక్కువ, అంతే.

మర్నాడు సాయంత్రం ఇరవై అయిదు బిందువులు తెరమీద ఒక్కొక్కటే పడుతుంటే ఇద్దరం నిలబడి చూశాం. పైనుంచి దిగి, 180 డిగ్రీల దగ్గర దాదాపు సున్నాను తాకి, మళ్లీ ఎక్కింది. "ఇప్పుడు 20 మిల్లీసెకన్లు ఆగి చూడనా?" అని తనే అడిగింది.