గిరిగారు మంత్రి పదవి వదిలిన కథ

పిల్లలూ, ఆశీస్సులు.

వి.వి. గిరి రాష్ట్రపతి అని మీ పాఠంలో ఉంటుంది. అంతకుముందు ఆయన రైల్వే కార్మికుల మనిషి.

1894లో బరంపురంలో తెలుగువారింట పుట్టారు. డబ్లిన్‌లో లా చదివి 1916లో తిరిగొచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంఘంలో చేరారు. లాయరుకు అక్కడేం పని అంటారా? 1926 కార్మిక సంఘాల చట్టం ప్రకారం అప్పట్లో ఏడుగురుంటే సంఘం రిజిస్టరయ్యేది, కార్యవర్గంలో సగందాకా బయటివాళ్లు ఉండే వీలుండేది. నోరెత్తిన కార్మికుణ్ణి పనిలోంచి తీసేయొచ్చు గానీ లాయరును తీసేయలేరు కదా!

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోనూ అదే శాఖ. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి ఢిల్లీలోనూ అదే శాఖ చూశారు.

ఎక్కడున్నా ఆయనది ఒకటే పట్టు: యజమానీ కార్మికులూ ఎదురెదురుగా కూచుని తేల్చుకోవాలి. మామూలుగా సంఘం కోర్కెల పత్రం ఇస్తుంది, చర్చలు జరుగుతాయి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చాక, చర్చల్లో తేలకపోతే ప్రభుత్వం గొడవను ట్రిబ్యునల్‌కు, అంటే ఇలాంటి తగవులు తీర్చే కోర్టులాంటి దానికి, పంపగలిగేది. విచారణ నడిచినన్నాళ్లూ సమ్మె చేసే వీలుండేది కాదు. చిక్కంతా ఇక్కడే. ఎలాగూ ట్రిబ్యునల్ ఉందని తెలిస్తే చర్చల్లో ఎవరూ మెట్టు దిగరు. యజమాని ఐదు రూపాయలు పెంచుతానంటే, రేపు విచారణలో బేరం ఆ ఐదు నుంచే మొదలవుతుందని భయం. సంఘం చందాలు వకీళ్ల ఫీజులకు పోతాయి. తీర్పొస్తే మళ్లీ అప్పీలు.

యజమానులతోపాటు కొన్ని సంఘాలూ గిరిగారితో ఏకీభవించలేదు. బలం లేని సంఘం ఒంటరిగా బేరమాడితే ఓడిపోతుందన్నారు. ఆ మాటలో నిజముంది. అయినా, సంఘానికి బలం వచ్చేది బేరమాడే అలవాటుతోనే అని నా నమ్మకం.

ట్రిబ్యునళ్లంటే ఇష్టంలేని ఈ మనిషే, చివరికి ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదిలారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954 ఆగస్టులో కేంద్రం తగ్గించి మార్చింది. బ్యాంకులనూ ఉద్యోగులనూ మూడోవాడి దగ్గరికి పంపింది ప్రభుత్వమే. తీరా అతను చెప్పింది నచ్చలేదని దిద్దితే ఇక కార్మికులు ఎవరి మాట నమ్మాలి? గిరిగారు రాజీనామా ఇచ్చారు. తర్వాత ప్రభుత్వం కమిషన్ వేసింది. న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ దాని పని పూర్తిచేశారు. ఆ సిఫారసులు 1955లో చట్టమయ్యాయి.

మీ తాతయ్య