పాత రాక్ బ్యాండ్ల కచేరీలు: అభిమానుల అపోహలు, సౌండ్ డెస్క్ దగ్గరి వాస్తవాలు

ఆరుబయట జరిగే కచేరీలకు సౌండ్ చూడడం నా వృత్తి; ఐరన్ మెయిడెన్ అభిమానం అంతకు ముందునుంచీ ఉన్నది. 1975లో తూర్పు లండన్‌లో స్టీవ్ హారిస్ ప్రారంభించిన ఈ బృందం 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మన దేశంలో తొలిసారి వాయించింది. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి ఇటువంటి కచేరీకి వెళ్లాలంటే రాత్రి రైలే దిక్కు. తిరుగు ప్రయాణంలో బోగీ అంతా ఒకటే చర్చ: గొంతు తగ్గిందనీ, డ్రమ్స్ వెనకబడ్డాయనీ, సగం రికార్డేననీ. ఇలా బ్యాండు వయసు మీదికి నెట్టే లోపాలలో చాలావాటికి అసలు కారణాలు మైదానంలో, గాలిలో, స్పీకర్లు కట్టిన తీరులో ఉంటాయన్నది నా అభిప్రాయం.

అపోహ: వేదికకు ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా వినిపిస్తుంది.

వాస్తవం: దగ్గరగా ఉంటే బాగా కనిపిస్తుంది, వినిపించడం వేరే లెక్క. పెద్ద మైదానాల్లో ప్రధాన స్పీకర్లను వేదికకు రెండు పక్కలా ఎత్తున వరుసగా వేలాడదీస్తారు. దూరాన ఉన్నవారిని చేరేలా వాటి కోణాలు అమర్చడం వల్ల వేదిక ముందరి కంచెను ఆనుకొని నిలబడినవారి తల మీదుగానే ఆ ధ్వని సాగిపోతుంది. ఆ లోటు తీర్చడానికి వేదిక అంచున చిన్న స్పీకర్లు పెడతారు. అయితే అక్కడే నేల మీద సబ్‌వూఫర్లు, అంటే బేస్ ధ్వనుల కోసం ఉండే పెద్ద స్పీకర్లు, వరుసగా ఉంటాయి, పైగా డ్రమ్స్ ధ్వని మైకుతో నిమిత్తం లేకుండా నేరుగా చెవిని తాకుతుంది. అందువల్ల ముందు వరుసలో బేస్, డ్రమ్స్ గుండెను అదరగొడుతుంటే గాయకుడి మాట మాత్రం ఆ చిన్న స్పీకర్ల నుంచి సన్నగా వస్తుంది. మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ గొంతు తగ్గిందని వాదించేవారిని ఎక్కడ నిలబడ్డారని అడిగి చూడండి, చాలామంది ముందు వరుసవారే అయి ఉంటారు.

పూర్తి మిశ్రమం వినాలంటే సౌండ్ డెస్క్ పరిసరాలకు రావాలి, ఎందుకంటే ఏది ఎంత వినిపించాలో నిర్ణయించే మనిషి అక్కడి నుంచే వింటున్నాడు. పెద్ద మైదానాల్లో అది సాధారణంగా వేదికకు ఎదురుగా ముప్పై నుంచి యాభై మీటర్ల దూరంలో ఉంటుంది. ఇంకా వెనక్కి వెళితే మరో చిత్రం జరుగుతుంది. ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కనుక వంద మీటర్ల దూరాన ఉన్నవారికి డ్రమ్ కర్ర పడడం ముందు కనిపించి, దాని దెబ్బ సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ ఆలస్యంగా వినిపిస్తుంది. వెనుక కట్టిన అదనపు స్పీకర్ల గోపురాలకు కూడా మేమే కావాలని అంత ఆలస్యం పెడతాము, లేకపోతే ఒకే దెబ్బ రెండుసార్లు వినిపించి పాటంతా చెదిరిపోతుంది. డ్రమ్స్ వెనకబడ్డాయన్న మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది.

ఇంతా చెప్పి, నేను అభిమానిగా వెళ్లినప్పుడు మాత్రం కంచె దగ్గరికే పోతాను. స్టీవ్ హారిస్ మానిటర్ (వాయించేవారు తమ ధ్వనిని తాము వినడానికి వేదిక మీద పెట్టే స్పీకర్) మీద ఒక కాలు పెట్టి బేస్ గిటారును తుపాకీలా జనం మీదికి గురిపెట్టే క్షణం కోసం మంచి మిక్స్‌ను వదులుకోవచ్చు.

అపోహ: మొదటి రెండు పాటలు గజిబిజిగా ఉంటే, ముసలివాళ్లు ఒళ్లు వేడెక్కడానికి సమయం తీసుకున్నారన్నమాట.

వాస్తవం: వేడెక్కడానికి సమయం తీసుకునేది చాలామట్టుకు మేమే. సౌండ్ చెక్ జరిగేది మధ్యాహ్నం, ఖాళీ మైదానంలో. ఎండకు నేల కాగి, దాన్ని అంటిపెట్టుకున్న గాలి వేడెక్కి ఉన్నందున ధ్వని పైకి వంగుతుంది. రాత్రి నేల చల్లబడితే కిందికి వంగుతుంది. వేలమంది లోపలికి వచ్చాక వారి శరీరాలే పైస్థాయి ధ్వనులను పీల్చేస్తాయి. పొడిగాలి కూడా తేమగాలి కంటే ఆ ధ్వనులను ఎక్కువగా తినేస్తుంది, ఇక ఎదురుగాలి వీస్తే వెనుక ఉన్నవారికి గిటార్ వస్తూ పోతూ ఉంటుంది. అందుచేత మధ్యాహ్నపు అమరికను రాత్రి మళ్లీ సరిదిద్దుకోక తప్పదు. ఐరన్ మెయిడెన్ వేదికెక్కే ముందు స్పీకర్లలో యూఎఫ్ఓ బృందం పాత పాట ఒకటి వేయడం ఏళ్లుగా వస్తున్న ఆనవాయితీ. అది మొదలవగానే అభిమానులు కేకలు పెడతారు; నాకు మాత్రం, బాగా తెలిసిన రికార్డు ఒకటి నిండిన మైదానంలో ఎలా పలుకుతోందో చెవి రిక్కించి చూసుకునే చివరి అవకాశంగా తోస్తుంది.

అపోహ: వయసైన బ్యాండ్లు రికార్డు పెట్టి పెదాలు ఆడిస్తాయి.

వాస్తవం: కొందరు రికార్డు సాయం తీసుకునే మాట నిజమే కానీ దానికీ వయసుకూ సంబంధం లేదు. క్వీన్ బృందం మంచి యవ్వనంలో ఉన్నప్పుడే తమ అత్యంత ప్రసిద్ధ గీతంలోని ఒపేరా భాగాన్ని టేపులో వేసి, ఆ కాసేపూ వేదిక దిగిపోయేది. ఆ అల్లికను నలుగురు ప్రత్యక్షంగా పాడలేరని అందరికీ తెలుసు కనుక ఎవరూ మోసమనుకోలేదు. మెయిడెన్ కచేరీల్లో ఏళ్ల తరబడి వినిపించిన కీబోర్డు రికార్డేనని చాలామంది నమ్మేవారు. వాయించినవాడు మైకేల్ కెన్నీ, స్టీవ్ హారిస్ బేస్ గిటార్లను చూసుకునే సహాయకుడు. వేదికపై వెలుగు పడని చోట ఉండేవాడు.

అపోహ: శ్రుతి తగ్గించారంటే గొంతు అయిపోయినట్టే.

వాస్తవం: కొందరి విషయంలో అది నిజం, అందులో సిగ్గుపడవలసింది లేదు. కానీ బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్ లోహపు కర్మాగారంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్న తరువాత, నొక్కడానికి తేలికగా ఉండాలని తీగలను వదులు చేశాడు. హెవీ మెటల్‌కు ఆ బరువైన నాదం వచ్చిన దారుల్లో అదొకటి. అప్పటికి ఆ బృందంలో అందరూ కుర్రవాళ్లే.

అపోహ: శబ్దం ఎంత ఎక్కువైతే అంత రాక్. చెవులకు ప్లగ్‌లు పెట్టుకునేవాడు అభిమానే కాదు.

వాస్తవం: ఈ అపోహ వల్ల జరిగే నష్టం తిరిగి రాదు. 1976లో లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో ద హూ బృందం 32 మీటర్ల దూరంలో 126 డెసిబెళ్లు నమోదు చేసి గిన్నిస్ పుస్తకానికెక్కింది. తరువాత ఆ పుస్తకం, చెవులు పాడుచేసుకునే పోటీని ప్రోత్సహించినట్టవుతుందని ఆ విభాగాన్నే ఎత్తివేసింది. ఆ బృందపు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ చెవుల్లో హోరుతో బాధపడుతున్నట్టు బహిరంగంగా చెప్పాడు. ఏసీ/డీసీ బృందం గాయకుడు బ్రయాన్ జాన్సన్ పూర్తిగా చెవుడు వచ్చే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరించడంతో 2016లో పర్యటన మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. మిగిలిన కచేరీలలో ఆయన స్థానంలో ఆక్సెల్ రోజ్ పాడాడు.

కచేరీ స్థలాల్లో సగటు శబ్దం పదిహేను నిమిషాల కొలతలో 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. ఉద్యోగుల భద్రత కోసం అమెరికాలో సిఫారసు చేసిన లెక్క ప్రకారమైతే 85 డెసిబెళ్లను ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది పావుగంటే. రెండు గంటల కచేరీకి ఇది ఏ మూలకు? మందుల దుకాణంలో దొరికే నురుగు ప్లగ్‌లు పైస్థాయి ధ్వనులను ఎక్కువగా కోసేస్తాయి కనుక సంగీతం దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసేవి అన్ని స్థాయులనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. నా వరకు, వాటితోనే గాయకుడి మాటలు ఎక్కువ స్పష్టంగా తెలుస్తాయి.

అపోహ: ఫోన్ వీడియో చూస్తే చాలు, కచేరీ ఎలా జరిగిందో తెలిసిపోతుంది.

వాస్తవం: ఫోన్ మైకు అంత శబ్దాన్ని తట్టుకోలేక బేస్‌ను చితగ్గొట్టి, మిగిలినదాన్ని అణచివేసి, పక్కవాడి అరుపును మాత్రం అద్భుతంగా పట్టుకుంటుంది. దాన్ని చూసి బ్యాండుకు మార్కులు వేయడం అన్యాయం. ఐరన్ మెయిడెన్ యాభై ఏళ్ల పర్యటనకు ముందు, ఫోన్లు వీలైనంత వరకు జేబులోనే ఉంచమని వారి నిర్వాహకులు అభిమానులను కోరడం నాకు నచ్చింది.

అపోహ: ప్రతి రాత్రీ అవే పాటలు వాయించడం బద్ధకం.

వాస్తవం: ఈ ఫిర్యాదులో కొంత న్యాయముంది. దీపాలు, మంటలు, వెనుక తెర, మెయిడెన్ చిహ్నమైన భారీ ఎడ్డీ బొమ్మ ప్రవేశం అన్నీ పాటల వరుసకు ముడిపడి ఉంటాయి కాబట్టి ఒక పాట మారిస్తే పదుల మంది పని మారుతుంది. అయినా మెటాలికా బృందం 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన పర్యటనలో ఒకే నగరంలో రెండు రాత్రులు ఒక్క పాటా పునరావృతం కాకుండా వాయించి చూపించింది. మనసుంటే మార్గం ఉందన్నమాట. మన దేశంలో పదింటికే దుకాణం కట్టేశారన్న ఆక్షేపణకు మాత్రం బ్యాండు బాధ్యత లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లను నిషేధిస్తాయి. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

అపోహ: వయసు అసలు కనిపించకూడదు, కనిపిస్తే టికెట్ డబ్బు వృథా.

వాస్తవం: వయసు కనిపిస్తుంది, దాన్ని దాచకుండా వాయించేవారూ ఉన్నారు. మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2023 జనవరిలో పక్షవాతానికి గురై, అదే ఏడాది పర్యటనకు తిరిగి వచ్చి, వేగంగా పరుగెత్తే కొన్ని వాయింపులను తన చేతికి అందేలా మార్చుకున్నాడు. 2024 డిసెంబర్ 7న సావో పాలోలో ఆఖరిసారి వాయించి పర్యటనల నుంచి తప్పుకోగా, 2025 మేలో బుడాపెస్ట్ నుంచి సైమన్ డాసన్ ఆ స్థానంలో కూర్చున్నాడు. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బుతో బాధపడుతూ వచ్చిన బ్లాక్ సబాత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో సింహాసనంలో కూర్చునే తన చివరి కచేరీ పాడాడు.