నల్గొండ నీళ్లు: ఫ్లోరైడ్ చాటున లోహాలు

నల్గొండ నీళ్లు అనగానే ఎవరికైనా ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు కంటికి కనిపిస్తాయి. పైగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం 480 మంది బరిలో దిగి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా మార్చిన జిల్లా ఇది. అదే నీటిలో కరిగివుండే లోహాలకు మాత్రం రంగూ రుచీ ఉండవు. ఇక్కడికి అవి రెండు దారుల్లో వచ్చాయి.

మొదటిది రాతి దారి. మోట బావుల కాలంలో జనం తాగింది పైపొరల నీరే. కరువులకు ఆ బావులు ఎండిపోయి, బోర్లు గ్రానైట్‌లో వందల అడుగుల లోతుకు దిగినకొద్దీ, పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు పైకి వచ్చింది. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో రాతిలోని యురేనియం తేలిగ్గా కరుగుతుంది. తాగే నీటిలో దాని రేడియోధార్మికత కంటే రసాయన విషప్రభావమే పెద్ద బెడద; అది ముందుగా మూత్రపిండాలను తాకుతుంది. నీటిని మరగబెడితే లోహం పోదు సరికదా, నీరు ఆవిరైనంత మేర చిక్కబడుతుంది.

సాగర్ జలాశయం పక్కనే ఉన్న లంబాపూర్–పెద్దగట్టు యురేనియం నిక్షేపాలను తవ్వాలన్న ప్రతిపాదనపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో గట్టి వ్యతిరేకత వచ్చింది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానించింది. ఈ పోరాటాలు న్యాయమైనవే. అయితే చర్చంతా రాబోయే గని చుట్టూ తిరగడంతో, అప్పటికే తాగుతున్న బోరు నీటి ప్రశ్న వెనకబడిందని నా అభిప్రాయం. తాగునీటి జాతీయ ప్రమాణంలో యురేనియానికి విడిగా హద్దు, లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, చేరింది 2021లోనే.

రెండో దారి మూసీ. హైదరాబాద్ మురుగును, పరిశ్రమల వ్యర్థాలను మోసుకుంటూ ఈ నది పోచంపల్లి, వలిగొండల మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర తేలే నురగ అందరికీ కనిపిస్తుంది. సీసం, క్రోమియం, నికెల్ వంటివి అడుగున ఒండ్రులో చేరతాయి, కాలువ నీటితో పాటు వరి మళ్లలోకీ వెళతాయి. ఆ మళ్ల మధ్య ఉన్న బావులకు ఊట ఆ నేల నుంచే.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణ జరిగిన మిషన్ భగీరథతో ఇళ్లకు కృష్ణా నీరు వచ్చింది. చేలో కలుపు తీసే కూలీలు మాత్రం దాహమైతే బోరు పైపు కిందే దోసిలి పడతారు. ఊళ్లలో వాడే పరీక్ష కిట్టులో ఫ్లోరైడ్‌కు రంగు మారే ద్రావణం ఉంటుంది. యురేనియం తేలాలంటే సీసా ప్రయోగశాలకు పోవాలి.